ఎవరి ఖోకాలు వాళ్లే

కాల్చడం కాగానే సారయ్య బూటు ముక్కుతో తన ఖోకాలను పక్క వరసలోకి తన్నాడు. అక్కడ రవళి ఇంకా పిస్టల్ ఎత్తి గురి చూస్తూనే ఉంది. ఇత్తడి గొట్టాలు టైల్స్ మీద గలగలా దొర్లుకుంటూ పోయి ఆ పిల్ల మడమలకి తగిలాయి. పిల్ల ఉలిక్కిపడింది గానీ పిస్టల్ పక్కకి తిప్పలేదు, తను వెనక్కి తిరగలేదు. నేర్పిన బుద్ధి నేర్పినట్టే ఉంది.

"ఏ పిల్లా, నీదైపోయినంక గవి సుత జర ఏరు" అన్నాడు సారయ్య.

వెనక నిలబడి చూస్తున్న సెరీనాకి ఒళ్లు మండింది.

ఖోకా అంటే పెద్ద వస్తువేమీ కాదు. తూటా పేలితే సీసపు గుండు ముందుకు పోతుంది. అది కూర్చున్న ఇత్తడి గొట్టం పిస్టల్ పక్కనుంచి ఎగిరి కింద పడుతుంది. గోరంత ఉంటుంది. అప్పుడే పడ్డది ఒంటికి తగిలితే మాత్రం చుర్రుమంటుంది. పంజాగుట్టలో సెల్లారులో ఈ షూటింగ్ రేంజి తెరిచినప్పటినుంచీ ఒకటే పద్ధతి. అందరూ కాల్చడం ఆపాలి, పిస్టళ్లు ఖాళీ చేసి బల్లమీద పెట్టాలి, రేంజి ఆఫీసరు "ఏరుకోండ్రి" అనాలి, అప్పుడు ఎవరి ఖోకాలు వాళ్లు ఏరుకుని డబ్బాలో వేయాలి. తిన్న కంచం ఎవరిది వాళ్లు తీసినట్టే. అందులో చిన్నా పెద్దా లేదు. రిటైరైన జడ్జిగారొకాయన మోకాళ్లు పట్టుకుని, "అబ్బా, అమ్మా" అనుకుంటూ మరీ ఏరుకుంటాడు. ఆ రేంజి ఆఫీసరు సెరీనాయే.

సారయ్యకి పద్ధతులు పట్టవు. ఎందుకు పడతాయి? బిల్డింగు ఆయనది. సెల్లారులో క్లబ్బు, పైన కోచింగ్ సెంటరు, ఆపైన పెళ్లిబట్టల షాపు, అన్నిటికీ ఓనరు ఆయనే. మెంబరుషిప్పు ఇవ్వకపోతే బాగుండదని కమిటీవాళ్లే ఇంటికి పోయి, శాలువా కప్పి మరీ ఇచ్చి వచ్చారు. అప్పటినుంచి సాయంత్రం పూట, సరిగ్గా ఆడపిల్లల బ్యాచ్ టైముకే దిగుతాడు. వెంట ఇద్దరు మనుషులు, వాళ్ల చేతుల్లో ఫోన్లు. నోట్లో పాన్ మసాలా. ఉమ్మాలనిపిస్తే గోడ వారగా ఉన్న ఎర్ర బకెట్లోకి, నిప్పంటుకుంటే చల్లడానికని పెట్టిన ఇసకలోకి ఉమ్ముతాడు. సెరీనా ఆ ఇసక మార్పించి చూసింది. వారం తిరక్కుండానే మళ్లీ అదే రంగు, అదే కంపు. థూ, ఏం మనిషో! ఆ బకెట్ ఉన్న వైపు పోవాల్సి వస్తే ఆమె చుట్టు తిరిగి పోతుంది.

రవళి తన వంతు అయిదు తూటాలూ కాల్చేదాకా ఆగి, "స్టాప్. అన్‌లోడ్" అని కేకేసింది సెరీనా. పిస్టళ్లు బల్లల మీదికి చేరాయి. ఒక్కొక్కటే చూసి, ఖాళీ అని నమ్మకం కుదిరాక "ఏరుకోండ్రి" అంది.

రవళి వంగింది. ఆ పిల్ల అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ పొద్దంతా కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటుంది, సాయంత్రం ఇక్కడికి వస్తుంది. సారయ్య మనుషుల్లో ఒకడు ఫోన్ ఎత్తి, మెల్లిగా ఆ పిల్ల వెనక్కి జరిగాడు. సెరీనా వచ్చి వాడికీ పిల్లకీ మధ్య నిలబడింది.

"ఫోన్ జేబుల పెట్టు."

"ఊకెనే మేడం, రేంజి వీడియో..."

"జేబుల పెట్టమన్న." తర్వాత సారయ్య వైపు తిరిగింది. "సార్, ఎవరివి వాళ్లే ఏరుకోవాలె."

"నా నడుం వంగది మేడం. డాక్టర్ వద్దన్నడు."

వంగదట! మొన్న పైన షాపు ఓపెనింగులో తీన్మార్‌కి వంగి వంగి ఆడిన నడుం అది. సెరీనా నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. "రవళీ, నీవి నువ్వు ఏరుకో. అవి వదిలెయ్" అంది. రవళి తన అయిదూ ఏరుకుని డబ్బాలో వేసింది. సారయ్యవి నేలమీదే ఉండిపోయాయి. ఆయన వాటినీ, సెరీనానీ మార్చి మార్చి చూసి నవ్వాడు. ఆ నవ్వులో పళ్ల సందులన్నీ ఎర్రగా కనిపించాయి.

తర్వాతి వంతుకి మళ్లీ నిలబడ్డారు. రవళి పక్కన మంజూష. క్లబ్ సెక్రటరీ హనుమత్ప్రసాద్‌గారి కూతురు, డిగ్రీ చదువుతోంది, బ్యాచ్‌లో అందరికన్నా నిలకడైన చెయ్యి. వచ్చే నెల రాష్ట్రస్థాయి పోటీలకి, స్టేట్ మీట్‌కి, వెళ్లాల్సిన వాళ్లలో మొదటి పేరు ఆ పిల్లదే. సారయ్య చొక్కాకి పై బొత్తాలు మూడు ఊడదీసి ఉన్నాయి, మెళ్లో గొలుసులు కనబడాలి కదా.

"సార్, బొత్తాలు పెట్టుకోండ్రి. వేడి ఖోకా లోపల పడితే కాలుతది."

"ఈ ఛాతీ గిట్లాంటివి మస్తు చూసింది మేడం, ఫికర్ జెయ్యకు" అన్నాడు. వెంట ఉన్న ఇద్దరూ అవసరమైన దానికన్నా గట్టిగా నవ్వారు.

రెండు పేల్చాడు. మూడోది పేలగానే ఖోకా ఎగిరి, పక్కనున్న అడ్డు పలకకి కొట్టుకుని, నేరుగా ఆ తెరిచిన చొక్కాలోకి దూరింది.

రేంజికి వచ్చిన ప్రతి పిల్లకీ మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. కాలితే కాలనీ, చర్మం ఊడితే ఊడనీ, ముందు పిస్టల్ బల్లమీద పెట్టు. తర్వాతే చొక్కా దులుపుకో. సెరీనా కంఠం కింద కూడా నల్లమచ్చ ఒకటుంది, అలా కాలనిచ్చినదే. మరి ఛాతీ మస్తు చూసిన మనిషి ఏం చేశాడు? "అమ్మో! అమ్మో!" అని గంతులేశాడు. ఎడమచేత్తో చొక్కా పీక్కుంటూ, కుడిచేతిలో పిస్టల్ అలాగే పట్టుకుని, వేలు ట్రిగ్గర్ మీదే ఉంచి గిర్రున తిరిగాడు. పిస్టల్ మూతి మంజూష ముఖం మీదుగా పోయింది. రవళి ముఖం మీదుగా పోయింది. మళ్లీ మంజూష మీదికి వచ్చి అక్కడ ఆగింది.

సెరీనా ఒక్క దూకు దూకింది. రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని, ఒరగబడి, చేతిని బల్లకేసి అదిమింది. మూతి గోడవైపు తిరిగింది. ఆయన అంత మనిషీ ఆ ఊపుకి మోకాళ్లమీద పడ్డాడు. చొక్కా చంక దగ్గర చిరిగింది. ఆమె ఆయన వేళ్లు విడదీసి పిస్టల్ లాక్కుని, ఖాళీ చేసి, బల్లమీద పెట్టింది. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు. ఆయన చెమటా సెంటూ కలిసిన వాసన ఆమె అరచేతులకి అంటుకుంది.

సారయ్య లేచాడు. ముందు మెడ తడుముకున్నాడు, తర్వాత చిరిగిన చొక్కా చూసుకున్నాడు. చివరికి తన మనుషుల్లో రెండోవాడి చేతిలో ఇంకా నడుస్తున్న ఫోన్ చూశాడు. ఆయనకి అసలు మంట అక్కడ పుట్టింది.

"ఆపు బే వీడియో! ఏందిది? ఆడది నా మీద చెయ్యేస్తదా? నా బిల్డింగుల నిలబడి?"

మంజూష గోడకి ఆనుకుని నిలబడిపోయింది. చెవులకి పెట్టుకున్న మఫ్ఫులు తియ్యాలని కూడా తోచలేదు ఆ పిల్లకి. సెరీనా బాత్‌రూమ్‌లోకి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది.

మర్నాడు హనుమత్ప్రసాద్‌గారు ఆమెని ఆఫీసు గదికి పిలిపించారు. ఆయన పంజాగుట్టలో పేరున్న ఆడిటరు. పుట్టిపెరిగింది తెనాలి. ఇస్త్రీ నలగని మనిషి, ఎవర్నీ నువ్వని అనరు, గొంతు పెంచరు. రేంజి మర్యాదలన్నీ చక్కటి తెలుగులో రాయించి గోడకి పెట్టించింది ఆయనే. అందుకే సెరీనా కాస్త ధైర్యంగానే వెళ్లింది.

"కూర్చోండమ్మా సెరీనా. టీ తీసుకుంటారా?"

"వద్దు సార్."

"నిన్న జరిగింది విన్నాను. పెద్ద ప్రమాదం తప్పించారు. మీ సమయస్ఫూర్తిని మెచ్చుకోవాల్సిందే." ఆయన బిస్కెట్టు టీలో ముంచారు. "అయితే ఏంటంటే, సారయ్యగారు బాగా నొచ్చుకున్నారు. నలుగురిలో చెయ్యి పట్టుకున్నారని."

"పట్టుకోకపోతే పేలుతుండె సార్."

"నిజమేనండీ. కానీ పేలలేదు కదా."

సెరీనా ఆయన ముఖంలోకి చూసింది. వెటకారం కాదు, నిజంగానే అంటున్నారు. బిస్కెట్టు నాని టీలోకి జారిపోయింది. ఆయన అయ్యో అనుకుంటూ చూపుడువేలు ముంచి దాన్ని పైకి లాగి, మెత్తటి ముద్దని వేలుతో సహా చప్పరించారు.

"వచ్చే నెల మన లీజు తిరగరాయాలి. ఆయన సంతకం పెట్టనంటే రోడ్డుమీద పడతాం. పైగా ఏమంటున్నారో తెలుసా? అసలీ ఆడపిల్లల బ్యాచ్ ఎందుకు, మూసెయ్యమంటున్నారు. నేనే బతిమాలాను. ఆదివారం వస్తారట. నలుగురి ముందూ మీరు ఒక్క సారీ చెప్తే అంతా మరిచిపోతానన్నారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు చెప్పండి?"

"సార్, ఆ పిస్టల్ మంజూష మొఖం మీద ఆగింది. మీ బిడ్డ."

హనుమత్ప్రసాద్‌గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. "చెప్పింది ఇంట్లో. చిన్నపిల్ల, భయపడింది. ఆయనేమన్నా కావాలని చేశారా? ఈ బ్యాచ్ పోతే మీట్‌కి పేర్లు ఏ క్లబ్ తరఫున పంపుతాం? పిల్లలు పిస్టల్ ముట్టుకోవాలంటే ఎక్కడికి పోతారు? అదీ మీరే ఆలోచించండి."

అదీ దెబ్బ. మెత్తగా, గారు గారు అంటూనే, ఎక్కడ కొట్టాలో అక్కడ కొట్టాడు పెద్దమనిషి. ఈ బ్యాచ్ కోసం సెరీనా కమిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. హాస్టళ్లకి పోయి వార్డెన్లని ఒప్పించింది, తల్లిదండ్రులతో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడింది. ఆ సంగతి ఈయనకి బాగా తెలుసు.

"ఆలోచించి చెప్త సార్" అని లేచింది.

యూసుఫ్‌గూడలో ఇల్లు చేరేసరికి అత్త అమృతమ్మ చేపల పులుసు పెట్టి ఎదురుచూస్తోంది. సెరీనా కంచం ముందు కూర్చుంది గానీ ముద్ద నోట్లోకి పోలేదు. పులుసులో తేలుతున్న చేపముక్క చూస్తే టీలో బిస్కెట్టు ముద్ద గుర్తొచ్చింది. జరిగిందంతా చెప్పింది.

భర్త లెవీ కృష్ణానగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండు చూస్తాడు. పగలల్లా హీరోల అరుపులు విని విని ఇంటికొచ్చాక గొడవంటేనే భయపడతాడు. "ఒక్క మాటనే కద సెరీనా. చెప్పి పారెయ్. మనసుల నుంచి రావాల్నని ఎవరన్నరు? మా స్టూడియోల రోజుకు వందమంది చెప్తరు సారీలు."

"ప్రభువు కూడ రెండో చెంప చూపమన్నడు బిడ్డా" అంది అమృతమ్మ.

"చెంప చూపమన్నడు అత్తమ్మా. పిల్లల తలకాయలు చూపమన్లే."

అమృతమ్మ గరిటె అందుకుంది. కంచంలోకి ఇంకో ముక్క వేసింది. "తిను. ఎట్లనో గట్లయితది, ముందుగాల తిను."

సెరీనా తినలేదు. తనని తిట్టమను, ఉద్యోగం తీసెయ్యమను, ఫికర్ లేదు. కానీ పదకొండుమంది ఆడపిల్లలు. వాళ్లలో ఒక్కరికైనా సొంత పిస్టల్ లేదు, క్లబ్ తలుపు మూసుకుంటే వాళ్ల గురి మూసుకున్నట్టే. మింగలేక కక్కలేక ఆ రాత్రంతా అలాగే దొర్లింది. తెల్లారేసరికి సారీ చెప్పెయ్యాలనే అనుకుని, హనుమత్ప్రసాద్‌గారికి ఫోన్లో ఆ మాటే చెప్పింది.

శనివారం మంజూష అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర ఆమెని పట్టుకుంది. చుట్టూ కోచింగ్ సెంటర్లవాళ్లు వచ్చేపోయేవాళ్ల చేతుల్లో పాంప్లెట్లు కుక్కుతున్నారు. మంజూష చేతిలోనూ నాలుగున్నాయి, చూసుకోకుండానే పట్టుకుని నిలబడింది.

"మేడం, మీరు రేపు సారీ చెప్తారంట. నాన్న చెప్పారు."

"చెప్త."

"ఎందుకు?"

"చెప్తే బ్యాచ్ ఉంటది."

"నాకు నిద్ర పట్టట్లేదు మేడం. కళ్లు మూస్తే ఆ నల్లటి కన్నమే కనబడుతోంది. నాన్నకి చెప్తే ఏమన్నారో తెలుసా? పాలు తాగి పడుకోమన్నారు." ఆ పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి. "మీరు సారీ చెప్తే నేనక్కడ ఉండను."

"ఉండాలె. నువ్వే లేకపోతే నేనెందుకు చెప్పాలె?" అంది సెరీనా కాస్త కరుగ్గా. అన్నాక తనకే రోత పుట్టింది. హనుమత్ప్రసాద్‌గారి గొంతు తన నోట్లోంచి వచ్చినట్టు అనిపించింది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా క్లబ్బుకి వెళ్లింది. మెంబర్లు చాలామందే వచ్చారు. సారయ్య రేంజి మధ్యలో, ఫైరింగ్ గీతకి కాస్త ఇవతల, కుర్చీ వేయించుకుని కాళ్లు బారచాపి కూర్చున్నాడు. మెడకింద అరచెయ్యంత ప్లాస్టరు. బియ్యపుగింజంత కాలినదానికి అంత ప్లాస్టరా! "జర్రయితే తూటా లోపటికే పోతుండె" అని ఎవరికో చెబుతున్నాడు. అవతలాయన నిజమే అన్నట్టు తలూపుతున్నాడు. రాజీ కుదిరిన సంతోషానికి హనుమత్ప్రసాద్‌గారు కాజూ బర్ఫీ తెప్పించి, పళ్లెంలో సర్ది, చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆడపిల్లలు గోడవారగా ఉన్నారు. మంజూష కూడా ఉంది.

సెరీనా వెళ్లి ఆ కుర్చీ ముందు నిలబడింది.

"సారీ సార్. ఆ రోజు మీ మీద చెయ్యేసిన."

సారయ్య అగ్గిపుల్లతో పన్ను కుట్టుకుంటూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఇనబడలే."

ఎవరో కిసుక్కుమన్నారు. సెరీనా మళ్లీ చెప్పింది, గట్టిగా. ఆ మాట నోట్లోంచి పోయాక నాలిక మీద చేదు మిగిలింది. ఉమ్మెయ్యాలనిపించింది, కానీ ఉమ్మడానికి ఈ సెల్లారులో ఉన్నది ఆ ఒక్క బకెట్టే.

"సరే తీ. ఆడకూతురువి, కడుపుల పెట్టుకుంట" అన్నాడు సారయ్య. అగ్గిపుల్ల కొసకి వచ్చినదాన్ని ఒకసారి చూసుకుని, పుల్ల నేలమీదే పారేసి లేచాడు. "పాండ్రి, అందరం కాలుద్దాం. ఆటకాడ కోపాలెందుకు?"

చప్పట్లు కొట్టారు. కొట్టారండీ, చదువుకున్నవాళ్లు, పిల్లలుగలవాళ్లు!

సెరీనా వెనక్కి వచ్చి తన చోట నిలబడింది. "లోడ్" అంది. "స్టార్ట్" అంది. సారయ్య ఈసారి కూడా బొత్తాలు పెట్టుకోలేదు, ఆమె పెట్టుకోమని చెప్పలేదు. నాలుగు పేల్చాడు. నాలుగు ఖోకాలు ఎగిరి పడ్డాయి. అయిదోది పేల్చకుండానే తన మనుషుల వైపు తిరిగాడు, చేతిలో పిస్టల్ అలాగే ఉంది.

"ఇగో, ఆ రోజు ఏమైందో చెప్త చూడుండ్రి. నేను గిట్ల నిలబడ్డ..."

"సార్, మూతి అటు తిప్పండ్రి" అంది సెరీనా.

"అరె, అయిపోయినయి మేడం, ఖాళీది." ఆయన ఊపులో ఉన్నాడు. "గిట్ల నిలబడ్డనా, ఖోకా గిట్ల వచ్చి పడ్డది, నేను గిట్ల..." అంటూ చొక్కా దులుపుకున్నట్టు ఎడమచెయ్యి ఆడించి, నవ్వుతూ, అచ్చం ఆ రోజు తిరిగినట్టే గిర్రున తిరిగాడు.

మ్యాగజైను ఖాళీ అయితే ఆ పిస్టల్ పైభాగం వెనక్కి పోయి తెరుచుకునే ఉండిపోతుంది. ఇది మూసుకుని ఉంది. లోపల ఇంకొకటి ఉంది. ఆ మూతి ముందు రిటైరైన జడ్జిగారి మీదుగా పోయింది, తర్వాత బర్ఫీ పళ్లెంతో రెండడుగుల దూరంలో ఉన్న హనుమత్ప్రసాద్‌గారి పొట్టమీదికి వచ్చింది. ఆయన పళ్లెం వదిలేసి ధబాలున బోర్లా పడ్డారు.

సెరీనా ఈసారి కూడా ఆలోచించలేదు. ఆ మణికట్టే, ఆ చెమటే. బల్లకేసి అదిమింది. పిస్టల్ లాక్కుని మ్యాగజైను ఊడదీసింది, పైభాగం వెనక్కి లాగింది. లోపలున్న తూటా ఎగిరి నేలమీద పడింది. ఖాళీ గొట్టం కాదు. సీసపు తలతో, నిండుగా ఉన్నది. టైల్స్ మీద దొర్లి బర్ఫీ ముక్కల మధ్య ఆగింది. అక్కడున్న ప్రతివాళ్లూ దాన్ని చూశారు.

"స్టాప్. రేంజి బంద్. అందరు అన్‌లోడ్ చేసి వెనుకకు రాండ్రి."

అందరూ ఖాళీ చేసి వెనక్కి వచ్చారు. ఇప్పుడైనా ఎవరో ఒకరు నోరు విప్పుతారని సెరీనా నిలబడింది. జడ్జిగారి వైపు చూసింది. ఆయన చొక్కా గుండీలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

సారయ్య ముఖం ముందు పాలిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత మళ్లీ ఎరుపెక్కింది. "చూసిన్రా? మళ్ల చెయ్యేసింది! సారీ చెప్పి పావుగంట కాలే, మళ్ల చెయ్యేసింది!"

హనుమత్ప్రసాద్‌గారు మోచేతుల మీద లేచారు. తెల్లచొక్కాకి బర్ఫీ అంటుకుంది, మోకాళ్లకి మసి అంటుకుంది. సారయ్య వైపు చూశారు. నేలమీది నిండు తూటా వైపు చూశారు. సెరీనా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి, అదే మర్యాదతో అన్నారు.

"సెరీనా గారూ, ఆయన కాస్త కోపంగా ఉన్నారు. ఇంకొక్కసారి... ఒక్క సారీ చెప్పేయండమ్మా."

సెరీనాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అసహ్యం పుట్టింది. సారయ్య మీద కాదు. సారయ్యదేముంది, బకెట్లో ఉమ్మేవాడు ఎక్కడైనా బకెట్లోనే ఉమ్ముతాడు. కానీ ఈయన? ఇప్పుడే చావు తప్పి లేచిన మనిషి, పొట్ట తడుముకోవడం కూడా కాకముందే ఆ నోటితో ఆ మాట! ఇంతటి వెలపరం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కలగలేదు.

"చెప్పను సార్."

"అమ్మా, బ్యాచ్..."

"చెప్పను. ఇందాక చెప్పిందే నాకు అరగలే, ఇంకోటి యాడ మింగాలె?"

"ఇగ రేపటి సంది ఆడపిల్లల బ్యాచ్ బంద్!" అని సారయ్య అరిచాడు. "ఈమె సుత బంద్! ప్రసాద్‌గారూ, రాసుకోండ్రి!"

హనుమత్ప్రసాద్‌గారు "అలాగేనండీ, అలాగేనండీ" అన్నారు. ఏం చెయ్యాలో తోచక వంగారు. వంగి, బర్ఫీ ముక్కలు ఒక్కొక్కటే పళ్లెంలోకి ఏరడం మొదలుపెట్టారు. వాటి మధ్య సారయ్య ఖోకాలు కూడా పడున్నాయి. వాటినీ ఏరారు. వెతికి వెతికి, బల్ల కింద చెయ్యి పెట్టి మరీ ఏరారు.

మంజూష గోడ దగ్గరనుంచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"నాన్నా. అవి మీవి కావు."

ఆయన తలెత్తలేదు. "నువ్వు ఇంటికెళ్లమ్మా" అన్నారు, నేలని చూస్తూ.

సెరీనా మఫ్ఫులు తీసి బల్లమీద పెట్టింది. విజిల్ తీసి పక్కన పెట్టింది. బ్యాగు భుజాన వేసుకుని, మెట్లెక్కింది. సెల్లారు కంపు మెట్ల మలుపు దాకా వెంట వచ్చింది. పైన పంజాగుట్ట రోడ్డు తన గోలలో తానుంది, బస్సులు, ఆటోలు, హారన్లు. రోడ్డువారగా నిలబడి కాలవలోకి వంగి ఉమ్మింది, నోట్లో తడి ఆరిపోయేదాకా. వెనక చెప్పుల చప్పుడు విని తిరిగి చూసింది. రవళి. రవళి వెనక మిగతా పిల్లలు. అందరికన్నా వెనక మంజూష, కళ్లు తుడుచుకుంటూ.

"మీరెందుకొచ్చిన్రు?" అంది సెరీనా.

"లోపల ఏముంది మేడం?" అంది రవళి. "మీట్ పోయినట్టేనా?"

"ఏమో. వేరే క్లబ్బుల తలుపులు కొడ్త. తెరుస్తరో తెర్వరో చెప్పలేను. అబద్ధం చెప్పను మీకు."

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒక షేర్ ఆటోవాడు ఆపి, "అమీర్‌పేట, అమీర్‌పేట" అని అరిచి, ఎవరూ కదలకపోయేసరికి తిట్టుకుంటూ పోయాడు. సెరీనా వాళ్ల చేతులు చూసింది. ఇన్నాళ్లూ తన కళ్లముందు వణుకు తగ్గించుకున్న చేతులు. పిస్టల్ లేకపోతే నీళ్ల బాటిల్ అయినా సరే, బరువు పట్టుకుని చెయ్యి చాపి నిలబడితే నిలకడ పోదు. తను నేర్చుకున్నప్పుడు చాలాకాలం చేసింది అదే.

"రేపు పొద్దుగాల అమీర్‌పేట మెట్రో కింద, పిల్లర్ దగ్గరికి రాండ్రి. తలా ఒక నీళ్ల బాటిల్, నిండుగ నింపుకొని తెచ్చుకోండ్రి. జనం చూస్తరు, నవ్వుతరు. రాలేనోళ్లు రాకుండ్రి, నేనేమనుకోను."

మంజూష ముక్కు చీది, చున్నీతో తుడుచుకుంది.

"లీటర్‌దా మేడం, అర లీటర్‌దా?" అంది.